మూత తీయని ఆట

మా ఇంట్లో దిష్టి తీయడం మాన్పించింది నేనే. పాపకు మూడో నెలలో జ్వరం వస్తే మా అమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టుకుని వచ్చింది. ఆ మిరపకాయలు తీసుకెళ్ళి పప్పులో పోపు పెట్టేశాను. పెళ్ళయిన కొత్తలో నల్గొండలో మేము కిరాయికి ఉన్న ఇల్లు శ్మశానం గోడకు ఆనుకుని ఉండేది. ఆ గోడ మీదే బట్టలు ఆరేసేదాన్ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను, రెండేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. దయ్యాల మాట ఎత్తిన పిల్లలను నిలబెట్టి, అస్థికల్లో ఫాస్ఫరస్ గురించి చెప్పిన మనిషిని.

అలాంటి నేను ఇప్పుడు ఇది రాస్తున్నాను. రాత్రి ఒంటిగంట దాటింది. పాప పక్కనే నిద్రపోతోంది. గది తలుపు బార్లా తీసి ఉంది. ఎందుకు తీసి ఉందో చదివితే తెలుస్తుంది.

మావారు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతారు. వాళ్ళ సొంతూరు రామన్నపేట దగ్గర. ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఒకప్పుడు ‘పాతర ఆట’ అని ఒక భాగోతం ఆడేవారట. మావారు పుట్టక ముందే అది ఆగిపోయింది. ఆయన రెండేళ్ళు తిరిగి, వాళ్ళ నాయనమ్మ దగ్గరా, మంచంలో ఉన్న ఒక ముసలి హార్మోనియం ఆయన దగ్గరా పాటలన్నీ రికార్డు చేసుకుని, కాలేజీ పిల్లలతో మళ్ళీ ఆడించాలని పూనుకున్నారు. మావారి నాయనమ్మను మేమంతా అవ్వ అనే పిలుస్తాం. ఎనభై దాటాయి.

ఆట కథ చిన్నది. కరువు సంవత్సరం. దొర గడీలో నేల కింద జొన్నల పాతర ఉంటుంది. వెనకటి రోజుల్లో జొన్నలను అలా గుంత తవ్వి, పూడ్చి దాచేవారు. నర్సవ్వ అనే కూలి మనిషి చంటిబిడ్డతో పాతరలోకి దిగి దొంగతనంగా ఒడిలో జొన్నలు నింపుకుంటుంది. దొర చూస్తాడు. బండ తెచ్చి మూత వేయిస్తాడు. మిగిలిన ఆటంతా లోపలి నుంచి వినిపించే పాటే. బిడ్డను జోకొడుతూ ఉంటుంది.

“పొద్దు పొడిస్తె మూత తీస్తరు, అందాక పండు బిడ్డా” అని.

ఆ పాట నెమ్మదిగా సన్నబడి, ఆగిపోతుంది.

నిల్వ జొన్నలు ఊపిరి పీలుస్తాయి, బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. అది గాలి కంటే బరువు కాబట్టి గుంతలో అడుగున నిలుస్తుంది. అందుకే పాతరలోకి దిగేముందు దీపం దించి చూసేవారు. ఇది నేనే మావారికి చెప్పాను. ఆయన సంతోషపడి దీపం సన్నివేశం కలిపారు కూడా. అప్పటికి నాకు ఆ ఆటతో ఉన్న సంబంధం అంతే.

మా పాపకు అప్పుడు ఏడో నెల.

నల్గొండలో ఒక ఫంక్షన్ హాల్లో, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ప్రదర్శన పెట్టారు. ఎండ లోపలికి రాకుండా కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. వేదిక మధ్యలో నేలకు సమంగా ఉండేటట్టు ఒక పెద్ద చెక్కపెట్టె అమర్చారు. అదే పాతర. దాని మీదికి బండలాగా రంగు వేసిన ప్లైవుడ్ మూత. నర్సవ్వ వేషం షాహీన్ అనే రెండో సంవత్సరం అమ్మాయి వేసింది. కట్టంగూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, ఖంగుమనే గొంతు. ఇంటికి వస్తే పాపను దించేది కాదు.

నేను చివరి వరుసలో తలుపు పక్కన కూర్చున్నాను. పాప పుట్టినప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా బయటికి దారి ఎటో చూసుకునే కూర్చుంటున్నాను. అది భయమేనని నాకు తెలుసు. దయ్యాల భయం కాదు, తల్లుల భయం.

గంటంబావు ఆట బాగా సాగింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. దొర వేషం వేసిన అబ్బాయి మీసం ఒకవైపు ఊడితే వెనక నుంచి ఎవరో “దొరా, సగం దొరతనం పాయె” అని అరిచారు. హాలంతా గొల్లుమంది. తరువాత మూత పడింది. పాట మొదలైంది. ఆగింది. లైట్లు ఆరిపోయాయి.

మావారు రాసుకున్న ప్రకారం పది సెకన్ల చీకటి, ఆ తరువాత లైట్లు, అందరూ వచ్చి దండం పెట్టడం. ఆ పదీ నేను మనసులో లెక్కపెట్టాను. లైట్లు రాలేదు. పాట మళ్ళీ మొదలైంది.

అదే పాట. కానీ ముందరి నుంచి, వేదిక మీది నుంచి కాదు. కింది నుంచి. నా కుర్చీ కింది నుంచి అని రాయాలనుంది కానీ అంత కచ్చితంగా చెప్పలేను. పాత జొన్నల వాసన వచ్చింది. కొత్త ధాన్యం వాసన కాదు, గోనెసంచి అడుగున మిగిలిపోయిన ముక్కవాసన. పాప ఒంట్లో కండరాలన్నీ బిగుసుకున్నాయి. నోరు తెరిచి ఉందని చేత్తో తడిమి తెలుసుకున్నాను. ఏడుపు లేదు. శ్వాస కూడా లేదు.

లేచాను. తలుపు నెట్టాను. రాలేదు. భుజంతో నెట్టాను. తరువాత చూసుకుంటే ఆ తలుపు లోపలికి లాగితే తెరుచుకునేది. ఆ సంగతి ఇక్కడ రాయకుండా ఉంటే కథ ఇంకా బాగుంటుంది. కానీ జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను.

లైట్లు వచ్చాయి. పాప దగ్గి, ఊపిరి తీసుకుంది. నేను వెనక్కి తిరిగి హాలు వైపు చూశాను.

ఆడవాళ్ళు, అందరూ కాదు, సగానికి పైగా, రెండు చేతులూ తలల పైకి ఎత్తి పెట్టుకుని కూర్చున్నారు. అరచేతులు పైకప్పు వైపు ఉన్నాయి. నెత్తి మీద ఏదో బరువును ఆపుతున్నట్టు. లైట్లు పడగానే ఒక్కొక్కరూ చేతుల వైపు చూసుకుని, సిగ్గుపడి దించుకున్నారు. కొందరు జుట్టు సర్దుకున్నట్టు నటించారు. చప్పట్లు కొట్టడానికి చాలా సేపు పట్టింది.

మావారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. “చూసినవా? ఒక్కలన్న లేవలే! గుండె ఆగినట్టు కూసున్నరు” అన్నారు.

“పాపకు ఊపిరి ఆగింది” అన్నాను.

“చీకటికి జడుసుకున్నట్టుంది” అని పాప బుగ్గ గిల్లి, పెద్దవాళ్ళెవరో పిలిస్తే వెళ్ళిపోయారు.

బయట బల్ల మీద అభిప్రాయాల పుస్తకం పెట్టారు. ఆ సాయంత్రం ఇంట్లో అది మొదటి పేజీ నుంచి చదివాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఒకరు ఏసీ పనిచేయలేదని రాశారు. ఒకరు “జొన్నల వాసన ఎలా తెప్పించారు సార్? అద్భుతమైన ఆలోచన” అని రాశారు. మావారు ఏ వాసనా తెప్పించలేదు. ఇంకొకరు “చివర చీకట్లో పాట మళ్ళీ పెట్టకపోతే బాగుండేది, అతిగా అనిపించింది” అన్నారు. అలా చీకట్లో పాట గురించి రాసినవాళ్ళు తొమ్మిది మంది. ముందు వరుసలో ఖాకీ బట్టల్లో, డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన బస్సు కండక్టర్ ఒకామె ఉంది. ఆమె ఒక్క వాక్యమే రాసింది. “చేతులు గుంజుతున్నయి, ఎందుకో తెల్వదు.”

ఆ రోజే షాహీన్‌ను అడిగితే, లైట్లు ఆరిన తరువాత తను పాడలేదంది. లైట్ల దగ్గరున్న అబ్బాయి పది లెక్కపెట్టగానే స్విచ్ వేశానని ఒట్టు పెట్టాడు. ఒక విద్యార్థి ఫోన్లో మొత్తం వీడియో తీశాడు. అందులో ఆ చీకటి నాలుగు నిమిషాలకు పైనే ఉంది. ఏసీ చప్పుడు, ఎవరో దగ్గు, మధ్యలో నేను తలుపును గుద్దిన శబ్దం. పాట మాత్రం లేదు. వీడియో అనేకసార్లు విన్నాను. లేదు.

ఆ రాత్రి నుంచి పాపకు ఊపిరి పట్టడం మొదలైంది.

ఉన్నట్టుండి నోరు తెరిచి, కళ్ళు నిలిపి, బిగుసుకుపోయేది. పెదవులు నీలంగా మారేవి. పది, పదిహేను సెకన్లు. మొహం మీద ఊదితే తేరుకునేది. పిల్లల దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఈ వయసులో కొందరు పిల్లలు ఇలా ఊపిరి బిగబడతారనీ, ఎదిగే కొద్దీ పోతుందనీ, రక్తం తక్కువగా ఉందనీ చెప్పి ఐరన్ చుక్కలు రాసిచ్చారు. సరైన మాటే చెప్పారు. తరువాత నేనూ చదివాను. కాకపోతే ఏడ్చినప్పుడో దెబ్బ తగిలినప్పుడో అలా అవుతుందట. మా పాప ఏడవకుండానే, ఆడుకుంటూ ఆడుకుంటూ అలా అయ్యేది.

ల్యాబ్ అలవాటు పోలేదు. ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి ప్రతిసారీ టైమూ, అంతకు ముందు ఏం జరిగిందీ రాయడం మొదలుపెట్టాను. పది రోజుల్లో పద్నాలుగు సార్లు. పదో రోజున ఆ రెండో గడి ఒక్కటే పైనుంచి కిందికి చదివాను. కుక్కర్ మూత పెట్టాను. బియ్యం డబ్బా మూత పెట్టాను. స్నానాల గది తలుపు వేశాను. ఎదురింటివాళ్ళు షట్టరు దించారు. పద్నాలుగింట్లో పదకొండు సార్లు, ఏదో ఒకటి మూతపడిన వెంటనే.

మూతలు పెట్టడం మానేశాను. అన్నం తెరిచిన గిన్నెలో వండాను. చక్కెర డబ్బాకు చీమలు పట్టాయి, పాలు మూత లేక పాడయ్యాయి. బీరువా, కిటికీలు, పెట్టెలు అన్నీ తెరిచే ఉంచాను. స్నానానికి వెళితే తలుపు తీసి పెట్టి, పాపను గుమ్మం దగ్గర చాప మీద పడుకోబెట్టి, కళ్ళల్లో సబ్బు పడుతున్నా కళ్ళు మూయకుండా పోసుకునేదాన్ని. అన్నీ తెరిచి ఉన్న ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు. గడప దాటడానికీ ధైర్యం చాలేది కాదు. బయట ఎవరు ఎప్పుడు ఏ తలుపు వేస్తారో నాకేం తెలుసు?

మావారు మొదట నవ్వారు. తరువాత విసుక్కున్నారు. “నువ్వు నిద్రపోతలేవు, అందుకే గిట్ల” అన్నారు. అదీ నిజమే. నేను నిద్రపోవడం లేదు.

పదిహేను రోజుల తరువాత, గాలి మారితే మంచిదని మమ్మల్ని ఊరికి తీసుకెళ్ళారు. అవ్వ వాకిట్లో గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాపను ఒళ్ళో వేసుకుని, మనవడిని అడిగింది.

“ఆట మంచిగైందా కొడుకా?”

“మస్తుగైంది అవ్వా. జనం కుర్సీలల్లకెల్లి లేవలే.”

“మూత ఎవలు తీసిన్రు?”

మావారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. “గా ముచ్చట తీసేసిన అవ్వా. పాట ఆగంగనే చీకటి చేసి ఒడగొట్టిన. గట్లైతేనే మనసుకు తగుల్తదని.”

అవ్వ ఒళ్ళో పాప తల నిమిరింది. తరువాత, “ఓరి సదువుకున్నోడా” అంది. తిట్టినట్టు లేదు, జాలిపడినట్టు ఉంది. “ఆట ఒడిసినంక మూత తీస్తరనుకున్నవా? మూత తీస్తేనే ఆట ఒడుస్తది. నువ్వు దాన్ని ఇంక పాతర్లనే కూసోబెట్టినవ్.”

అప్పుడు తెలిసింది. పాత రోజుల్లో పాట ఆగిపోయాక భాగోతులు తాళాలు కింద పెట్టి, తలపాగాలు తీసి, “మూత తియ్యాల్నా?” అని జనాన్ని అడిగేవారట. ఆడవాళ్ళు “తియ్యి” అనేవారు. వాళ్ళలో చంటిబిడ్డ తల్లి ఒకామె వెళ్ళి మూత ఎత్తి, నర్సవ్వ చేతిలోని బిడ్డను అందుకునేది. అప్పుడే మంగళహారతి. అది లేకుండా ఆట ముగిసినట్టు కాదట. ఆడవాళ్ళ దగ్గర బియ్యం, బట్టలు అడగడానికి పెట్టుకున్న తంతు అనుకుని మావారు దాన్ని కొట్టేశారు.

“ముందుగాల చెప్పకపోతివి అవ్వా” అన్నారు ఆయన.

“చెప్పిన. నువ్వు గీత గొట్టినవ్.” అవ్వ పాప వైపు చూసింది. “చేతుల బిడ్డను ఏంతోని చేసిన్రు? బొమ్మనా?”

మావారు నా వైపు చూడలేదు. ప్లాస్టిక్ బొమ్మ దూరం నుంచి కూడా బొమ్మలాగే కనిపిస్తోందని, డాబా మీద ఆరేసిన పాప పొత్తిగుడ్డ తీసుకెళ్ళి మూటగా చుట్టి షాహీన్ చేతికిచ్చారట. మా అమ్మ పాత నూలుచీర ముక్క అది. దవాఖాన నుంచి పాపను ఇంటికి తెచ్చింది అందులోనే. గాలికి ఎగిరిపోయిందనుకుని రెండు వారాలుగా పక్కింటి డాబాలన్నీ వెతికాను.

“ఇప్పుడెక్కడుంది?” అన్నాను.

పెట్టెలోనే ఉంది. ఆటోలో తీసుకెళ్ళేటప్పుడు మూత జారిపోకుండా పిల్లలు దానికి మేకులు కొట్టారట. అలాగే కాలేజీ స్టోర్ రూంలో పెట్టి తాళం వేశారు.

నేను ఏమన్నానో గుర్తులేదు. గట్టిగానే అన్నాను. పక్కింటివాళ్ళు గోడ మీది నుంచి తొంగి చూశారు.

మర్నాడు మావారు నల్గొండ వెళ్ళి ట్రాలీ ఆటోలో పెట్టె తెచ్చారు. ఆయన నమ్మి తేలేదు, నా మొహం చూసి తెచ్చారు. షాహీన్‌కు ఫోన్ చేస్తే, మాట్లాడింది వాళ్ళ అమ్మ. ఆట మర్నాటి నుంచి పిల్లకు గొంతు పోయిందట. కషాయాలు, మందులు అన్నీ అయ్యాయట. ఇద్దరూ పదిగంటల బస్సుకు వచ్చారు. షాహీన్ నా దగ్గరికొచ్చి, గొంతు పెగలక, చెవిలో గాలితో చెప్పింది.

“అక్కా, నేను గూడ దర్వాజ పెట్టుకుంటలే.”

నేను ఆ పిల్లకు అప్పటి వరకు మా ఇంటి సంగతి ఏమీ చెప్పలేదు.

వాళ్ళమ్మ మాత్రం మావారిని వదల్లేదు. “మల్లా డబ్బాల కూసోవెడ్తరా సార్? సరె. నేను పక్కకే కూసుంట. మొల గిట్ల కొట్టిన్రో, సార్ అని గూడ సూడ.”

“కొట్టం అమ్మా” అన్నారు మావారు, ఎప్పుడూ లేనంత వినయంగా.

మేకులు పీకారు. మూత తెరవగానే అదే ముక్కవాసన. పొత్తిగుడ్డ మూట అడుగున ఒక మూలకు ఉంది. పట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఎండలో ఆటోలో వచ్చింది కదా అన్నారు మావారు. కావచ్చు.

షాహీన్ మూట తీసుకుని లోపల కూర్చుంది. మూత ఊరికే పైన పెట్టారు. వాకిట్లో ఆరేడుగురు ఆడవాళ్ళు ఉన్నారు, పట్టపగలు, ఎండ ఫెళ్ళున కాస్తోంది. అవ్వ ఒళ్ళో మా పాప. మూత పడగానే పాప నోరు తెరుచుకుంది. ఊపిరి ఆగింది. నేను ఉరకబోతే అవ్వ చేత్తో ఆపింది.

“నిలువు. పాట కానియ్యి.”

లోపలి నుంచి పాట మొదలైంది. గొంతు పోయిందన్న పిల్ల అంత స్పష్టంగా ఎలా పాడుతోందని ఒక్క క్షణం ఆశ్చర్యపోయాను. పొద్దు పొడిస్తె మూత తీస్తరు, అందాక పండు బిడ్డా. పాప పెదవులు నీలమయ్యాయి. ఊదినా తేరుకోలేదు. నా జీవితంలో అంత పొడుగు పాట నేను వినలేదు.

పాట ఆగింది.

“మూత తియ్యాల్నా?” అని అడిగింది అవ్వ.

“తియ్యి” అన్నారు ఆడవాళ్ళు. షాహీన్ వాళ్ళమ్మ అందరికంటే గట్టిగా, “తియ్యుండ్రి జల్ది!” అని అరిచింది.

నేను మూత పట్టుకున్నాను. ప్లైవుడ్ ముక్క. ఒక్క చేత్తో ఎత్తగలిగేది. రాలేదు. పైన ఎవరో కూర్చున్నట్టు ఉంది. కాళ్ళు నేలకు తన్నిపట్టి, రెండు చేతులతో, నడుములో నరం పట్టేసేదాకా లేపాను. ఒక్కసారిగా తేలికయి వెనక్కి పడ్డాను. అదే క్షణంలో నా వెనక పాప కెవ్వుమని ఏడ్చింది. పదిహేను రోజుల తరువాత మొదటిసారి, గొంతు చించుకుని ఏడుపు. ఆ ఏడుపు కంటే మంచి చప్పుడు నేను వినలేదు.

షాహీన్ లోపల ముడుచుకుని కూర్చుని ఉంది. మూట నా చేతికిచ్చింది. మొహమంతా కన్నీళ్ళు.

“అక్కా, నేను పాడలే” అంది. ఆ మాట పూర్తి గొంతుతో వచ్చింది. “పాడుదామంటె రాలే. మీరే పాడుతున్నరనుకున్న.”

మేమెవరమూ పాడలేదు.

ఆ రోజు సాయంత్రం, పాప నిద్రపోయాక అవ్వ ఒక సంగతి చెప్పింది. మా మామగారికి పసితనంలో ఇలాగే ఊపిరి పట్టేదట. ఒక ఊళ్ళో వాన వచ్చి ఆట మూత దగ్గర ఆగిపోయింది. ఆ రోజు బిడ్డ మూటకు ఆయన పొత్తిగుడ్డే ఇచ్చారట. ఆ తరువాత ఆట ఎక్కడ ఆడినా అవ్వ నడుచుకుంటూ వెళ్ళి ముందు కూర్చునేది. తనే మూత తీసేది. కాళ్ళు నడవడానికి మొరాయించినప్పుడు భాగోతుల పెద్ద కాళ్ళ మీద పడి ఆటే ఆపించింది.

“వేరే ఎవలన్న తియ్యరాదా అవ్వా?” అని అడిగాను.

“ఎవలైన తియ్యొచ్చు బిడ్డా. గని ఎవలో తీస్తరని నువ్వు ఇంట్ల కూసుంటవా?”

మామగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. అవ్వకు ఇక ఆ భయం లేదు. అందుకే మనవడు అడగగానే పాటలన్నీ పాడి ఇచ్చింది. దానికి అవ్వను తప్పుపట్టాలో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ తరువాత ఏడాదికి పైగా పాపకు ఒక్కసారి కూడా ఊపిరి పట్టలేదు. ఐరన్ చుక్కల వల్ల అన్నారు డాక్టరు. నేనూ అవునన్నాను. మావారు ఆటలో చివరి తంతు మళ్ళీ కలిపారు. ఎక్కడ వేసినా నేను వెళ్ళి మూత తీసేదాన్ని. ఇంట్లో కుక్కర్ మూత కూడా పెట్టడం మొదలుపెట్టాను.

ఒక శుక్రవారం సాయంత్రం ఐదు అవడానికి పది నిమిషాలు. అప్పటికి నడవడం, పరుగెత్తడం వచ్చిన పాప బంతి పట్టుకుని ఆడుతోంది. మేము ఏ తలుపూ వేయలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే బిగుసుకుపోయి పడిపోయింది. ఆ రోజే మూడుసార్లు. పాత నోటుపుస్తకం తీసి టైములు రాశాను.

ఐదో రోజున మావారికి మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక మాష్టారు ఫోన్ చేశారు. ఫోన్లలో తిరుగుతున్న మా మొదటి వీడియో చూసి, తమ బడిపిల్లలతో ఆ ఆట వేయించామనీ, జనం కదలకుండా చూశారనీ, కృతజ్ఞతలనీ చెప్పారు. ఆహ్వానపత్రం ఫోటో పంపారు. ఆ శుక్రవారమే. మూడున్నరకు మొదలు. గంటంబావు ఆట, అంటే చివరి చీకటి పడేది ఐదుకు కాస్త ముందే.

“చివర మూత తీశారా?” అని మావారు అడిగారు.

“మీ వీడియోలో లేదు కదండీ” అన్నారాయన.

మర్నాడు పొద్దున పాపను ఎత్తుకుని బస్సెక్కాను. మూడు బస్సులు మారాను. ప్రతి బస్సులో తలుపు మూసినప్పుడల్లా పాప మొహం చూస్తూ వెళ్ళాను. ఆ బడి అటెండర్ పాత బెంచీల వెనక నుంచి పెట్టె చూపించాడు. అట్టపెట్టె, రంగు కాగితం అంటించిన మూత. రెండు చేతులతో పట్టుకుని ఎత్తాను. ఈసారీ బరువుగానే వచ్చింది. లోపల ఒక పాత తువ్వాల చుట్ట ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

“ఏమన్న మర్సిపోయిన్రా మేడం?” అన్నాడు అటెండర్.

“ఆ” అన్నాను.

పాపకు ఇప్పుడు మూడేళ్ళు. ఆ రోజు తరువాత మళ్ళీ ఊపిరి పట్టలేదు. కానీ ఆ వీడియో ఎంతమంది దగ్గరుందో, ఏ ఊళ్ళో ఏ పిల్లలు ఆ ఆట నేర్చుకుంటున్నారో నాకు తెలిసే మార్గం లేదు. మావారు తెలిసినవాళ్ళందరికీ చెప్పారు. తెలియనివాళ్ళకు ఎలా చెప్పాలి? అందుకే ఇది రాస్తున్నాను.

నిద్రలేని తల్లి ఊహ అనుకోండి. గదిలో గాలి తక్కువైంది, రక్తం తక్కువైంది, అన్నీ కాకతాళీయం అనుకోండి. ఈ మాటలన్నీ మీకంటే ముందు నేనే నాకు చెప్పుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం ఉంది. ఆ మధ్యాహ్నం అవ్వ వాకిట్లో పాడిందెవరు అన్నదానికి మాత్రం లేదు.

మీ ఊళ్ళో ఎవరైనా పాతర ఆట వేస్తుంటే, పాట ఆగాక చప్పట్లు కొట్టి వెళ్ళిపోకండి. ఎవరో ఒకరు లేచి మూత తీయండి. ఒక నిమిషం పని. ఎక్కడ వేస్తున్నారో నాకు ముందే తెలిస్తే మాత్రం నేను వస్తాను. మీరు తీస్తారనుకుని ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదు. ముందు వరుసలో, దారి పక్క కుర్చీలో, పాపను ఒళ్ళో పెట్టుకుని ఉంటాను.